మా కాలనీ బోరు

నిన్న విశాఖపట్నం మధురవాడలో మా కాలనీ మీటింగు రాత్రి 11 దాకా సాగింది. మా బోర్లు, ట్యాంకు, పైపులైను ఒక ప్రైవేటు కంపెనీ చేతికి ఇవ్వాలా వద్దా అన్నదే విషయం.

తాటిపూడి, రైవాడ, ఏలేరు జలాశయాల నీళ్లు నగరానికి వస్తున్నాయి గానీ మా కొండవాలు వరకూ పైపు రాలేదు. అందుకే 18 ఏళ్లుగా మా నీళ్లు మేమే నడుపుకుంటున్నాం. ఈ వేసవిలో మోటారు వైండింగు రెండుసార్లు కాలిపోయింది. ఒక బోరు ఎండింది. 110 ఇళ్లలో 30 ఇళ్లు నెలవారీ డబ్బు కట్టడం మానేశాయి. లెక్కలు రాసేది నేనే కాబట్టి ఆ బాధ నాకు తెలుసు.

కొత్త బోరు, మీటర్లు, రోజంతా నీళ్లు అంటూ కంపెనీ వాళ్లు చెబుతుంటే చాలామంది ముఖాలు వెలిగాయి. వాళ్లని తప్పు పట్టలేను, అందరం అలిసిపోయాం. కానీ రేటు ఏటా ఎంత పెంచుతారో కాగితంలో లేదు. బొలీవియాలోని కోచబాంబాలో 2000లో ప్రైవేటు కంపెనీ నీటి రేట్లు పెంచితే జనం రోడ్డెక్కారు, ఒప్పందం రద్దయ్యింది. పారిస్ 2010లో తన నీటి సరఫరాను మళ్లీ నగరం చేతికే తెచ్చుకుంది. ఉన్నదే 110 ఇళ్లు, మాకు అంత బలం ఎక్కడిది?

ఎదురింటి మామ్మగారు లేచి, "డబ్బు కట్టలేని నెల కుళాయి కట్టేస్తారా బాబూ?" అని అడిగారు. కంపెనీ తరఫున వచ్చిన కుర్రాడు ఫైల్లోకి చూస్తూ ఉండిపోయాడు.

ఆదివారం మళ్లీ కూర్చుంటున్నాం. ఈలోగా బాకీ ఉన్న 30 గుమ్మాలూ నేనే ఎక్కుతాను. నగరం పైపులైను మాకూ వేయమని నగరపాలక సంస్థ జీవీఎంసీకి అర్జీ కూడా రాశాను.