ముసురు పట్టిన ఆదివారం, గాస్తోన్

పొద్దుటి నుంచీ ముసురే. బ్రస్సెల్స్‌లో అదో విశేషం కాదనుకోండి. లైబ్రరీ నుంచి తెచ్చిన గాస్తోన్ లగాఫ్ కామిక్స్ ఆల్బమ్ ముందేసుకుని కూర్చున్నాను. నా ఫ్రెంచ్ అంతంత మాత్రం. అయినా ఆంద్రే ఫ్రాంకాన్ బొమ్మలకు మాటల ఆసరా అంతగా అక్కర్లేదు.

గాస్తోన్‌ది స్పిరూ అనే కామిక్స్ పత్రిక ఆఫీసులో ఉద్యోగం. పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాయాలి, రాయడు. ఒకచోట పుస్తకాల గుట్టల్లో గుహ కట్టుకుని లోపల హాయిగా నిద్ర తీస్తుంటాడు. దిమెస్‌మేకర్ అనే వ్యాపారి కాంట్రాక్టు మీద సంతకం పెట్టబోతాడు, సరిగ్గా అప్పుడే గాస్తోన్ ప్రయోగమేదో పేలుతుంది, కాంట్రాక్టు గోవిందా! పేజీ చివర ఫ్రాంకాన్ సంతకం కూడా ఊరికే ఉండదు, పైన జరిగిన గొడవకు తగ్గ వేషం వేస్తుంది. నేనైతే ముందు అదే చూస్తాను.

"బొమ్మల పుస్తకానికి అంత నవ్వా? బట్టలు మడతపెట్టండి" అని మా ఆవిడ.

ఇంత బద్ధకస్తుణ్ణి పుట్టించిన మనిషికి మాత్రం ఊపిరి సలపని పని. 1924లో ఇక్కడే, ఎట్టర్‌బీక్‌లో పుట్టాడు. 1946లో, ఇరవై రెండేళ్ల వయసులో, జిజే అనే చిత్రకారుడు సగం గీసిన, ఆ పత్రిక హీరో స్పిరూ కథను అందుకున్నాడు. 1952లో బారెడు తోక ఉన్న మార్సుపిలామి అనే వింత జంతువును సృష్టించాడు. 1955లో ప్రచురణకర్త దుప్వీతో గొడవపడి పోటీ పత్రిక 'టిన్‌టిన్'తో ఐదేళ్ల ఒప్పందం రాసుకున్నాడు. వెంటనే దుప్వీతో రాజీ కుదిరింది. ఒప్పందం మాత్రం మెడకు చుట్టుకుంది. ఆ రెండు పడవల ప్రయాణంలోనే, 1957 ఫిబ్రవరి 28న, గాస్తోన్ స్పిరూ పత్రికలో అడుగుపెట్టాడు.

1961 చివరికి ఫ్రాంకాన్ ఒళ్లూ మనసూ రెండూ మొరాయించాయి. కామెర్లు, డిప్రెషన్. నడుస్తున్న స్పిరూ కథ మధ్యలో ఆగిపోయింది. గాస్తోన్ పేజీలు మాత్రం ఆగలేదు! ఆఫీసులో కునుకు తీసేవాణ్ణి గీస్తేనే ఆయనకు కాస్త ఊపిరి తిరిగిందేమో. ఇది నా ఊహే, కానీ నాకు గట్టిగా అనిపిస్తోంది. 1968లో స్పిరూను వదిలేసినా గాస్తోన్‌ను ఉంచుకున్నాడు మరి.

1977లో మొదలుపెట్టిన 'నల్లని ఆలోచనలు' అనే కామిక్స్ వేరే లోకం. మనుషులందరూ నల్లటి నీడలే. ఒక పేజీలో, చంపినవాడి తల తీయాలన్నది చట్టం. తలారి హంతకుడి తల తీస్తాడు. ఇప్పుడు తలారీ చంపినవాడే కదా, అతని తల ఇంకొకడు తీయాలి. ఆ తర్వాత వాడిది. ఆ వరుసకు అంతుండదు. నవ్వొస్తుంది, వెంటనే గొంతులో అడ్డం పడుతుంది.

ఆ ఆల్బమ్ కూడా లైబ్రరీలో ఉంది. తెచ్చుకుంటాను గానీ, ఆదివారం రాత్రి చదివే పుస్తకం మాత్రం కాదది.