ఫ్రీవీల్ తీసేసిన ఆదివారం

పొద్దున ఏడింటికే తిరుపతి కొర్లగుంటలో సైకిల్ షాపు ముందు నిలబడ్డాను. నాన్న పాత సైకిల్‌కి వెనక ఫ్రీవీల్ (కాలు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే పళ్ల చక్రం) తీసేసి, ఫిక్స్‌డ్ కాగ్ (చక్రం తిరిగినంతసేపూ పెడల్‌నీ తిప్పే పళ్ల చక్రం) బిగించమంటే షాపన్న నా మొహంలోకి చూశాడు. "చెడిపోతే కొత్తది వేయించుకుంటారు సామీ. బాగుండేదాన్ని తీసేయమంటా ఉండారే?" కాసేపటికి తనకే గుర్తొచ్చింది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో వారం రోజులు దిగకుండా సైకిల్ తొక్కే ఆటగాడి బండికి ఫ్రీవీల్ వెల్డింగ్ పెట్టేసి ఉండేదట. వెనక్కి తొక్కితే బండి వెనక్కే పోయేదట.

తీయడానికే అరగంట పట్టింది. తొక్కే కొద్దీ ఫ్రీవీల్ మర బిగుసుకుంటుంది, ఇది 20 ఏళ్ల తొక్కుడు మరి. కిరసనాయిలు పోసి, గాడిలో ఉలి ఆనించి సుత్తితో కొట్టగా కొట్టగా టక్కున వదిలింది. లోపల గ్రీజు, మట్టి కలిసి తారులా గట్టిపడి ఉన్నాయి. పాత టూత్‌బ్రష్‌తో రుద్దే పని నాది.

మర మాత్రం సరిపోయింది. 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 చుట్లు, కాగ్‌కీ అదే. 18 పళ్ల కాగ్ చేత్తోనే ఎక్కింది. అసలు చిక్కు వేరే. వేగం తగ్గించడానికి పెడల్ వెనక్కి నొక్కితే ఈ మర ఊడే వైపే తిరుగుతుంది. పందేల ట్రాక్ సైకిల్ హబ్బుకైతే, కాగ్ ఊడకుండా పట్టి ఉంచే లాక్‌రింగ్ కోసం ఎడమ మర (తిరగేసి బిగించేది) వేరేగా ఉంటుంది. మనదానికి ఎక్కడిది? అన్న డబ్బాలో వెతికి పెడళ్ల ఇరుసు దగ్గరుండే ఒక బి.బి. కప్పు రింగు తీసి, మరకు గమ్ము పూసి బిగించాడు. "రెండూ ఒకే పక్క తిరిగే మరలే సామీ. ఒకటి వదిలితే రెండోది దానెనకే పోతాది. బ్రేకులు మాత్రం పీకబాకండి."

కాగ్ ఫ్రీవీల్ కన్నా సన్నం కాబట్టి చైను వంకరగా పోయింది. ఇరుసు మీద వాషర్లు అటువి ఇటు మార్చాడు. దాంతో చక్రం పక్కకి జరిగింది. ఇక స్పోకులు ఒక పక్క వదులు చేస్తూ, ఇంకో పక్క బిగిస్తూ, చాక్‌పీసు ఆనించి చక్రం తిప్పుతూ గంటసేపు కూర్చున్నాడు. గీత పడిన చోటల్లా పావు చుట్టు. ఆ ఓపిక నాకు ఈ జన్మకి రాదు.

గమ్ము 24 గంటలు ఆరాలని ట్యూబు మీద రాసుంది. నేను నాలుగు గంటలు ఆగాను.

యూనివర్సిటీ రోడ్డులో అలవాటుగా కాలు ఆపబోతే పెడల్ నన్ను సీటు మీంచి లేపింది. టిక్ టిక్ చప్పుడే లేదు. రెండోసారి, మూడోసారీ అంతే, మోకాలికి చెప్పినా వినదు. అలిపిరి దాకా కష్టమ్మీద ఎక్కాను. కపిలతీర్థం వైపు దిగేటప్పుడు వేగం తగ్గిద్దామని వెనక్కి నొక్కితే, కాళ్ల కింద పట్టు పోయింది. పెడల్ ఆగింది, చక్రం ఆగలేదు. ముందు బ్రేకు గట్టిగా పట్టుకున్నాను. గుండె మాత్రం చాలాసేపు తొక్కుతూనే ఉంది.

నడిపించుకుంటూ షాపుకి వెళ్తే అన్న ఒక్క మాట అనలేదు. మర తుడిచి, మళ్లీ పూసి, మళ్లీ బిగించాడు.

సైకిల్ ఇప్పుడు వసారాలో ఉంది. రేపు సాయంత్రం దాకా ముట్టుకోకూడదు. తాళంచెవి అమ్మ కొంగున కట్టుకుంది.