మాస్టారు ముందు నీళ్లు చూపించేవారు

మన బడి ప్రకృతి బృందం చిత్తడి నేలకు వెళ్లినప్పుడల్లా మాస్టారు మొదట చూపించేది పక్షిని కాదు, నీటి లోతును. ఆ అలవాటు అబ్బినవాళ్లకు ఒడ్డంతా గాలించే పని తప్పుతుంది. ఎక్కడ ఏది మేస్తుందో నీళ్లే చెప్పేస్తాయి.

బురద మీద వేలి మందం నీరుంటే అక్కడ చిన్న ఉల్లంకులు గబగబా నడుస్తూ ముక్కుతో పొడుస్తుంటాయి. మోకాలి లోతు లోపు కొంగలూ, తల ముంచి తోక పైకెత్తే బాతులూ ఉంటాయి. ఇంకా లోతైతే బుడబుంగ, నీటికాకి. బుడబుంగ మునిగినచోటే తేలదు. అక్కడే బైనాక్యులర్ నిలిపి కూర్చుంటే దొరకదు, దాన్ని దించి చుట్టూ వట్టి కళ్లతో చూడాలి.

బైనాక్యులర్ 8×42 ది, అంటే ఎనిమిది రెట్లు పెంచి చూపేది చాలు. పది రెట్లు పెంచేదైతే చేతి వణుకు కూడా అంతకంత పెరుగుతుంది. 42 మిల్లీమీటర్ల అద్దం తెల్లవారుజాము మసక వెలుతురుకు సరిపోతుంది. ముందు కుడి కన్ను మూసి మధ్య చక్రంతో ఎడమ కంటికి సరిచేసుకోవాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరున్న రింగు తిప్పాలి. ఈ పని చేయకపోవడం వల్లే చాలామంది 'నాకు మసగ్గా ఉంది' అంటారు. పక్షి మీద నుంచి చూపు తిప్పకుండా బైనాక్యులరే కళ్ల దగ్గరికి రావాలి. పక్కవాళ్లకు చూపించడానికి చెయ్యెత్తకూడదు, ఆ కదలికకే పక్షులు లేచిపోతాయి. మన ఎదురుగా ఉన్నది గడియారంలో పన్నెండు అనుకుని, 'పదకొండు గంటల దిక్కున, ఎండు కొయ్య పక్కన' అని నెమ్మదిగా చెబితే చాలు.

తెల్ల కొంగలన్నీ ఒకటే అనుకోవడం మామూలే. కాళ్లు చూడాలి. చిన్న తెల్లకొంగకు కాళ్లు నలుపు, వేళ్లు పసుపు, ముక్కు నలుపు. అది ఒక పాదం ముందుకు చాపి బురదలో ఆడిస్తుంది, బెదిరి బయటికొచ్చిన చేపను పొడుస్తుంది. నీళ్లలో ఉండగా ఆ పసుపు కనపడదు. పాదం ఎత్తేదాకో, ఎగిరేదాకో ఓపిక పట్టాల్సిందే. గుడ్డికొంగ సంగతి వేరు. కూర్చుంటే బురద రంగులో కలిసిపోతుంది, లేస్తే తెల్లటి రెక్కలు విచ్చుకుంటాయి. అందుకే కొత్తవాళ్లు వేరే పక్షి వచ్చిందనుకుంటారు.

తీతువు అరిచిందంటే మనం మరీ దగ్గరికి వచ్చేశామని అర్థం. తల మీద చక్కర్లు కొడుతూ దూసుకొస్తుంటే గుడ్లు దగ్గరలోనే ఉన్నట్టు. అది వట్టి నేల మీద చిన్న గుంటలో పెడుతుంది, గులకరాళ్లకూ వాటికీ తేడా తెలియదు. అక్కడికక్కడే ఆగి, కాళ్ల కింద చూసుకుని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్లాలి. ఫొటో కోసం నిలబడ్డంతసేపూ ఆ గుడ్లు ఎండకు మాడుతుంటాయి. దీనికి మాస్టారు ఏ మినహాయింపూ ఇచ్చేవారు కాదు, ఇవ్వకూడదు కూడా.

నీటికుక్క కనబడటం అరుదు గానీ దాని ఆనవాళ్లు దొరుకుతాయి. ఒడ్డున రాళ్ల మీద చేప పొలుసులున్న పెంట, బురదలో అయిదు వేళ్ల అడుగు. కుక్క అడుగులో నాలుగే పడతాయి.

పేరు తెలియని పక్షి ఎదురైతే పుస్తకం తెరిచే ముందే నాలుగు సంగతులు రాసుకోవాలి: ఎంత నీటిలో ఉంది, ఎలా మేస్తోంది, కాళ్ల రంగేమిటి, ముక్కు తలకన్నా పొడవా పొట్టా. పుస్తకం ముందు తెరిస్తే బొమ్మలో ఉన్నదే పక్షిలోనూ కనిపిస్తుంది.