దిలీలో పాతిక నాణెం

బాలీ నుంచి తూర్పు తిమోర్ రాజధాని దిలీకి విమానంలో రెండు గంటలు. అంత దూరానికి ఆ టికెట్టు ధర చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. దిలీలో దిగగానే వీసాకి 30 డాలర్లు చేతిలో పెట్టాలి, అదీ నగదుగా. పైగా ఇండోనేసియా వీసా ఒక్క ప్రవేశానికే చెల్లుతుంది కాబట్టి, తిరుగు ప్రయాణంలో బాలీలో ఆగితే మళ్లీ 5,00,000 ఇండోనేసియా రుపియాలు కట్టాలి. ఈ లెక్క ముందే వేసుకోకపోతే చివరి రోజు చెయ్యి ఖాళీ అవుతుంది.

విమానాశ్రయానికి నికొలావ్ లొబాతో పేరు పెట్టారు. ఇండోనేసియా సైన్యంతో అడవుల్లో పోరాడి 1978 డిసెంబరు 31న చనిపోయిన నాయకుడాయన. తూర్పు తిమోర్‌లో అడుగు పెట్టిన ప్రతివాడూ మొదట చదివేది ఆ పేరే.

ఊళ్లో తిరగడానికి మైక్రోలెట్లు ఉన్నాయి. అవి రంగులు పూసి రూటు నంబరు వేసిన చిన్న వ్యాన్లు. మోకాళ్లు ఎదుటివారి మోకాళ్లకి తగిలేంత ఇరుకు, చెవులు చిల్లులు పడే పాట. చార్జీ 25 సెంటావోలు. ఇక్కడ నోట్లన్నీ అమెరికా డాలర్లే, నాణేలు మాత్రం దేశం సొంతంగా ముద్రించుకున్నవి. పది సెంటావోల మీద కోడిపుంజు, పాతిక మీద తెరచాప పడవ, యాభై మీద కాఫీ కొమ్మ ఉంటాయి. పెద్ద నోటు ఇస్తే డ్రైవరు దగ్గర చిల్లర ఉండదు. నలిగిన నోటో, అంచు చిరిగిన నోటో అయితే దుకాణాల్లో కూడా వెనక్కి నెడతారు. కొత్త నోట్లు, అందులోనూ ఒకటి, అయిదు డాలర్లవి తీసుకెళ్లండి.

మైక్రోలెట్‌ని ఆపమనడానికి నోరు విప్పక్కర్లేదు. పైనున్న ఇనుప కడ్డీ మీద నాణెంతో టక్ టక్ అని కొడితే, అంత పాటలోనూ డ్రైవరుకి వినిపిస్తుంది, బండి పక్కకి తీస్తాడు. మన దగ్గర ఆర్టీసీ బస్సులో కండక్టరు రేకు మీద చరిచి 'రైట్ రైట్' అంటాడు. ఇక్కడ ఆ పని ప్రయాణికుడిదే. దిగాక అదే నాణెం డ్రైవరు చేతిలో పెట్టాలి.

అలా నాణెం కొట్టి దిగింది సాంతా క్రూజ్ శ్మశానం దగ్గర. 1991 అక్టోబరు 28న మొతాయెల్ చర్చి దగ్గర సెబాస్తియావ్ గోమెస్ అనే యువకుణ్ణి చంపారు. నవంబరు 12న అదే చర్చిలో అతని కోసం ప్రార్థన జరిపి, సమాధి మీద పూలు పెట్టడానికి వేలమంది ఈ శ్మశానానికి నడిచి వచ్చారు. దారిలో బ్యానర్లు విప్పారు. శ్మశానం దగ్గర ఇండోనేసియా సైనికులు కాల్పులు జరిపారు, 250 మందికి పైగా చనిపోయారు. మాక్స్ స్టాల్ అనే బ్రిటిష్ కెమెరామన్ తీసిన దృశ్యాలు బయటికి వెళ్లాయి కాబట్టే ప్రపంచం నమ్మింది. అంతకు ముందు పదహారేళ్లు ఇండోనేసియా ఆక్రమణలో జరిగినదానికి అలాంటి సాక్ష్యం లేకపోయింది. తెల్లటి సమాధులు ఎంత దగ్గర దగ్గరగా ఉంటాయంటే, పక్కకి తిరిగి నడవాలి. పరిగెత్తడానికి చోటే లేదని అక్కడ నిలబడితే గాని అర్థం కాదు.

దిలీలోనే బలీదే అనే పేటలో పోర్చుగీసుల కాలపు జైలు ఉంది. తర్వాత ఇండోనేసియా వాళ్లూ దాన్ని జైలుగానే వాడుకున్నారు. చీకటి కొట్లు ఎనిమిది. స్వతంత్రం వచ్చాక సత్యశోధన కమిషన్ ఆ జైలునే బాగుచేసి తన కార్యాలయం చేసుకుంది. ఆ కమిషన్ 2005లో ఇచ్చిన నివేదిక పేరు 'షేగా', పోర్చుగీసులో 'ఇక చాలు' అని. 1974 నుంచి 1999 దాకా పోరు వల్ల పోయిన ప్రాణాలు కనీసం 1,02,800 అని అందులో లెక్కగట్టారు. వాటిలో హత్యలు సుమారు 18,600, మిగతావన్నీ ఆకలి, రోగాల వల్ల పోయినవి. కొండల్లోకి పారిపోయిన జనాన్ని దింపి శిబిరాల్లో కుక్కారు, సాగు చేసుకోనివ్వలేదు. తుపాకీ కంటే ఎక్కువ మందిని చంపింది ఆ ఆకలే.

నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టింది 1999 ఓటింగు. పోర్చుగీసులు వెళ్లిపోతుండగా 1975 నవంబరు 28న స్వతంత్రం ప్రకటించుకున్న దేశమిది. తొమ్మిది రోజులకే ఇండోనేసియా దండెత్తింది. ఇరవై నాలుగేళ్ల తర్వాత, ఇండోనేసియా, పోర్చుగల్ కుదుర్చుకున్న మే 5 ఒప్పందం ప్రకారం, జనాన్ని అడిగినవి రెండే ప్రశ్నలు: ఇండోనేసియాలో ఉంటూ ప్రత్యేక స్వయంప్రతిపత్తి తీసుకుంటారా, కాదని విడిపోతారా? ఓటింగు నడిపింది ఐక్యరాజ్యసమితి. భద్రత బాధ్యత మాత్రం ఆ ఒప్పందమే ఇండోనేసియా పోలీసులకి అప్పగించింది. తప్పు అక్కడే జరిగింది. విడిపోవద్దనే సాయుధ ముఠాల వెనక ఉన్నది ఆ దేశపు సైన్యమే.

అందుకే లెక్కింపు పద్ధతి మార్చారు. పెట్టెలన్నీ దిలీకి తెచ్చి, ఓట్లన్నీ కలిపేసి, అప్పుడు లెక్కించారు. ఏ ఊరు ఎటు వేసిందో ఎవరికీ తెలియకూడదు, తెలిస్తే ఆ ఊరిని తగలబెడతారు. మన దగ్గర ఫలితాల రాత్రి ఏ బూత్‌లో ఎన్ని పడ్డాయో వేళ్ల మీద చెప్పుకుంటాం. ఇక్కడ ఆ ముచ్చటే ప్రాణాంతకం.

ఆగస్టు 30న తెల్లవారకముందే బారులు తీరారు. నమోదైన 4,51,792 మందిలో 98.6 శాతం ఓటేశారు. సెప్టెంబరు 4న ఫలితం చెప్పారు: విడిపోవడానికి 3,44,580, కలిసి ఉండడానికి 94,388. ఊళ్ల పేర్లు బయటపడలేదు గాని, ముఠాలు దేశం మొత్తాన్నీ శిక్షించాయి. వెయ్యికి పైగా జనాన్ని చంపి, రెండు లక్షల మందికి పైగా ఇండోనేసియా చేతిలోని పడమటి తిమోర్‌కి తరిమి, కట్టడాల్లో అత్యధిక భాగం తగలబెట్టారు. సెప్టెంబరు 20న అంతర్జాతీయ సేన దిగింది. 2002 మే 20న స్వతంత్రం పునరుద్ధరించామని ప్రకటించారు. 'ఇచ్చారు' అన్న మాట ఇక్కడ ఎవరూ వాడరు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది 1975లోనే వచ్చింది. ఇక్కడి భాష తేతుమ్‌లో స్వాతంత్ర్యాన్ని 'ఉకున్ రాసిక్-ఆన్' అంటారు, తమను తాము పాలించుకోవడం అని.

పాలించుకోవడం తేలిగ్గా సాగలేదు. 2006లో 600 మంది దాకా సైనికుల్ని తొలగించిన గొడవ దిలీని చీల్చింది, లక్షన్నర మంది ఇళ్లు వదిలారు. అయినా ఎన్నికలు ఆగలేదు. పార్లమెంటులో 65 స్థానాలు. ఓటు మనిషికి కాదు, పార్టీ జాబితాకి. నాలుగు శాతం దాటని పార్టీకి సీటు లేదు. మన నియోజకవర్గం ఎమ్మెల్యే వంటి మనిషి ఇక్కడ ఉండడు, మా ఊరికి రోడ్డేదని నిలదీయడానికి ఒక్క ముఖం దొరకదు. ఒక్క పార్టీకే మెజారిటీ రావడం కష్టం, కూటములు కడుతూ విప్పుతూ ఉంటారు. కాని ఓడినవాళ్లు దిగిపోతారు. 2022లో అధ్యక్షుడు లూ-ఓలోని ఓడించి మాజీ అధ్యక్షుడు రామోస్-హోర్తా మళ్లీ వచ్చారు, తుపాకి పేలలేదు. 2025 సెప్టెంబరులో ఎంపీలకి 65 కొత్త కార్లు కొనబోతే విద్యార్థులు వీధిలోకొచ్చారు. కార్లు రద్దయ్యాయి, మాజీల జీవితకాల పింఛను చట్టాన్నీ ఎత్తేశారు. 1999 తర్వాత పుట్టిన పిల్లలకి ఆ ఓటు అమ్మానాన్నలు చెప్పిన సంగతే. ఆ పిల్లలే ఈ పని చేశారు.

మీరు వెళ్తే నవంబరు 12 కలిసేలా టికెట్టు తీసుకోండి. ఎండ మండిపోతుంది, నీళ్లు పట్టుకోండి. నాటి ఊరేగింపు జ్ఞాపకంగా సాగే నడక మొతాయెల్ చర్చి దగ్గర మొదలై సాంతా క్రూజ్ దాకా గంటలోపే. సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు, పూలు చల్లుతారు. ఫొటో తీసే ముందు ఆ సమాధి తాలూకు వాళ్లని అడగండి.