చేను ఒకటే, చదువులెన్నో

ఈ మధ్య మార్టేరు వరి పరిశోధన స్థానం చూసొచ్చాను. మా ఇంట్లో అన్నమంటే స్వర్ణే. ఎంటీయూ 7029 అని కూడా పిలిచే ఆ వరి రకం అక్కడ తయారై 1982లో విడుదలైంది. తర్వాత అందులోకి సబ్1 జన్యువు చేర్చి, దాదాపు రెండు వారాలు ముంపులో ఉన్నా తట్టుకునే రకం తెచ్చారు. ముంపు చేలో పిలక పట్టుకుంటే చేతికి ఊడొస్తుంది, కుళ్లు వాసన. అది తెలిసినవాళ్లకే ఆ పరిశోధన విలువ తెలుస్తుంది.

అయినా 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మంచి విత్తనం ఉండీ ఎందుకు నాట్లు వెయ్యలేదు? కూలి ఖర్చు, గిట్టని ధర, సరిగా పారని మురుగు కాలువలు... దీనికి జవాబు ల్యాబ్‌లో దొరకదు, ఊళ్లో తిరిగి అడగాలి. అదీ పరిశోధనే! ఆర్ట్స్ చదివితే ఏమొస్తుందనే మాట నాకు అస్సలు నచ్చదు. మా మేనకోడలు ఎకనామిక్స్ తీసుకుంటానంటోంది. కౌలు రైతుల మీద పని చెయ్యమ్మా అన్నాను.