ఊదా ట్యూబు రక్తం ఎర్ర ట్యూబులోకి వంచొద్దు

పొటాషియం 9, కాల్షియం 4, రెండూ ప్రాణం మీదికొచ్చే అంకెలు. పేషెంటేమో ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతుంటాడు. ఇలాంటి రిపోర్టు చూడగానే రక్తం ఎలా తీశారో ముందు అడగాలి. ఎర్ర ట్యూబులోకి చాలలేదని, సీబీపీకి (రక్తకణాల లెక్కకి) తీసిన ఊదా ట్యూబులోంచి కాస్త వంచేసి ఉంటారు. ఊదా మూత కింద ఉండేది పొటాషియం ఈడీటీఏ. కాల్షియాన్ని అది పట్టేసుకోవడం వల్లే రక్తం గడ్డకట్టదు. ఆ రక్తం సీరం తీసే ఎర్ర ట్యూబులో పడితే పొటాషియం ఎగబాకుతుంది, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ పడిపోతాయి. వరస తప్పితే సూది వెంట కూడా ఈ మందు పక్క ట్యూబులోకి చేరొచ్చు. అందుకే రక్తం తీసే వరస ఇది: ముందు కల్చర్ (క్రిముల పరీక్ష) సీసాలు, తర్వాత లేత నీలం, ఎర్ర లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివరికి బూడిద రంగు.

పీటీ ఐఎన్ఆర్‌కి (రక్తం గడ్డకట్టే సమయం చూసే పరీక్షకి) వాడే నీలం ట్యూబు దగ్గర మొహమాటం పనికిరాదు. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు 3.2 శాతం సిట్రేట్ (గడ్డకట్టనివ్వని మందు), అంటే 2.7 మి.లీ.కి 0.3. రెండు మి.లీ.తో సరిపెడితే సిట్రేట్ ఎక్కువై ఐఎన్ఆర్ పెరిగినట్టు కనిపిస్తుంది. అది నమ్మి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ తగ్గిస్తే గుండెలో వాల్వు వేయించుకున్నవాళ్లకు ప్రమాదం. బటర్‌ఫ్లైతో (సన్న గొట్టం ఉన్న రెక్కల సూదితో) తీస్తే గొట్టంలో గాలి ఉంటుంది కాబట్టి ముందు ఒక ట్యూబు తీసి పారేయాలి.

షుగర్ సంగతి మన లంకల్లో మరీ ముఖ్యం. పొద్దున్నే తీసిన శాంపిల్ రేవు దాటి, బస్సెక్కి అమలాపురం చేరేసరికి ఎండెక్కుతుంది. మామూలు ట్యూబులో కణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజు తినేస్తాయి. 130 ఉన్న ఫాస్టింగ్ మూడు గంటల్లో 110 దగ్గరికి దిగుతుంది. షుగర్ జబ్బు ఉన్నవాడు లేనట్టు లెక్క! బూడిద ట్యూబులోని ఫ్లోరైడ్ దీన్ని ఆపుతుంది, కానీ పూర్తిగా పట్టు చిక్కడానికి గంట, రెండు గంటలు పడుతుంది. జెల్ ట్యూబును అరగంట గడ్డకట్టనిచ్చి అక్కడే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేస్తే ఇంకా మేలు. తిప్పని రక్తాన్ని ఐసులో పెడితే కణాల్లోంచి పొటాషియం కారుతుంది.

డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు బాగా తక్కువొస్తే ట్యూబు వంచి చూడండి, చిన్న గడ్డ ఉందేమో. తీసిన వెంటనే ఊదా ట్యూబును 8–10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, ఊపకూడదు. గడ్డ లేకున్నా కొందరి ప్లేట్‌లెట్లు ఈడీటీఏలో గుంపు కడతాయి. స్మియర్‌లో (గాజు పలక మీద పూసిన రక్తంలో) గుంపులు కనిపిస్తే నీలం ట్యూబులో తీసి, వచ్చిన లెక్కను 1.1తో గుణించాలి.

బోదకాలు డెల్టాకి పాత చుట్టం. మైక్రోఫైలేరియా (రాత్రిపూటే రక్తంలోకి వచ్చే దాని పురుగు పిల్లలు) కోసం మాత్రం పగటిపూట ఏ మూత తీసినా దండగే, రాత్రి పది దాటాక రమ్మనండి.