ఇంజన్ కట్టేశాక

ఆదివారం నాలుగున్నరకే లేచానంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. విశాఖ పెద్ద జాలారిపేటలో తెలిసిన తాత ఒకాయన, వల తీసుకురావడానికి వెళ్తూ నన్నూ పడవ ఎక్కించుకున్నాడు.

ఇదంతా చెల్లి పెట్టిన చిచ్చు. సియాటెల్లో ఉంటుంది. శాన్ హువాన్ దీవుల దగ్గర ఓర్కాలను చూసి వీడియో పంపింది. మగదాని వీపు మీద రెక్క ఆరడుగుల దాకా ఉంటుందట, నీళ్లలోంచి కత్తిలా లేచింది. కిల్లర్ వేల్ అంటారు గానీ నిజానికి అది డాల్ఫిన్ల కుటుంబంలో అన్నిటికన్నా పెద్దదట. అక్కడ సాల్మన్ చేపలు తినే గుంపుల్లో మగపిల్లలు ఎంత పెద్దయినా తల్లి వెంటే తిరుగుతారట. (మా పెద్దమ్మకి ఈ ముక్క చెప్పకూడదు.) అవి శబ్దంతోనే చేపల్ని వెతుక్కుంటాయి. బోట్ల మోత అడ్డమవుతోందని, 2025 నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ గుంపులకు వెయ్యి గజాల దూరంలో ఉండాలని రూల్ పెట్టారు.

పోయిన నెల నేనెక్కిన టూరిస్టు బోటు గుర్తొచ్చి సిగ్గేసింది. డాల్ఫిన్ వీపు కనబడగానే డ్రైవర్ స్పీడ్ పెంచాడు, జనం ఈలలు. "అటు, అటు" అని అందరికన్నా గట్టిగా అరిచింది నేనే. మళ్లీ కనిపిస్తే ఒట్టు.

తాత మాత్రం దూరంగా నీళ్లు కదలడం చూసి ఇంజన్ కట్టేశాడు.

"తరిమితే మునిగిపోతాయి బాబూ. మనం ఆగితే అవే వస్తాయి."

అటు డాల్ఫిన్స్ నోస్ కొండ మంచులో సగమే కనిపిస్తోంది. పడవ ఊగుతోంది, డీజిల్ వాసనకి నాకు కడుపులో తిప్పుతోంది. పది నిమిషాలు ఏమీ లేదు. అప్పుడు నా వెనక "ఫుస్...". ఎవరో ముక్కు చీదినట్టు. తిరిగేసరికి బూడిదరంగు వీపు, దాని మీద చిన్న గూని, గూని మీద పొట్టి రెక్క. రెక్క అంచు ఒకచోట తెగి ఉంది. ఇంకోసారి ఊపిరి పీల్చుకుని జారిపోయింది.

"వల చింపేస్తాయని తిట్టుకుంటాం గానీ, కనబడకపోతే తోచదు," అన్నాడు తాత, వల లాగుతూ.

వీడియోలో పడింది వట్టి నీళ్లు, తాత దగ్గు. అయినా చెల్లికి పంపాను.

"ఏమీ కనబడట్లేదు అన్నయ్యా," అంది.

సౌండ్ పెంచి వినమన్నాను.